బోనాల ఆదివారం అందిన కబురు: తార్నాకలో మూడు రోజులు

మారిషస్ నుంచి తెలుగు ఎం.ఏ. చదవడానికి వచ్చి ఏడాది దాటినా, నేను చూసిన హైదరాబాద్ అంతా లేడీస్ హాస్టల్‌కీ ఆర్ట్స్ కాలేజీకీ మధ్యనున్న రోడ్డే. విదేశీ విద్యార్థులను పండుగ సెలవుల్లో ఊళ్ళోని కుటుంబాల దగ్గరకు పంపే పద్ధతి మా విశ్వవిద్యాలయంలో ఉంది. రెండు రాత్రులు వాళ్ళింట్లో ఉండి, వాళ్ళు తిన్నది తిని, వాళ్ళతో పండుగ చేసుకుని రావాలి. ఆషాఢంలో బోనాలకు వెళ్తావా అని విభాగంలో అడిగితే వెంటనే పేరిచ్చాను. కారణం మా నాయనమ్మ. మా ఊళ్ళో చెరకు తోటల మధ్య ఏటా అమ్మోరు పండుగ జరుగుతుంది. మా ఇంట్లో మాట్లాడుకునేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష. తెలుగు నేను బడిలో నేర్చుకున్నాను, కానీ 'అమ్మోరు' అన్న మాట బడి కంటే ముందే నాయనమ్మ దగ్గర విన్నాను. అమ్మ ఆస్పత్రిలో నర్సు కావడంతో నన్నూ తమ్ముణ్ణీ పెంచింది నాయనమ్మే. ఫోన్‌లో బోనాల సంగతి చెబితే, అక్కడ అమ్మోరికి ఏం వండి పెడతారో చూసి చెప్పమంది. మాటల మధ్యలో దగ్గింది. అక్కడిది చలికాలం, చలికి దగ్గుతోంది అనుకున్నాను.

ఆ వారాంతం ఎలా గడిచిందని తర్వాతి బ్యాచ్ వాళ్ళు అడుగుతున్నారు. పరీక్షలు రాసి చాలా అలసిపోయి, రెండు రోజులు హాయిగా ఉండి వద్దామని వెళ్ళాను. అలా జరగలేదు. జరిగింది జరిగినట్టు, దారి వివరాలతో సహా రాస్తున్నాను.

శనివారం ఉదయం పదింటికి హాస్టల్ నుంచి బయలుదేరాను. క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తాకు సిటీ బస్సులు చాలానే ఉంటాయి. ఇక్కడి ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే బస్సు ఉచితం, మనలాంటి విదేశీ విద్యార్థులం టికెట్ కొనాలి. వాన తుంపర పడుతోందని నేను ఆటో ఎక్కాను. యాభై అడిగాడు, ఇచ్చాను. నడవగలిగినంత దూరానికి అది ఎక్కువే. చేతిలో సంచి చూసి, బోనాలకు చుట్టాలింటికి పోతున్నారా మేడం అని డ్రైవర్ అడిగాడు. అవునన్నాను. చుట్టాలు అన్న మాట బాగుంది. "రేపైతే ఆటోలు దొరకయ్. రోడ్లన్ని బందుంటయ్," అని చెప్పి సందు మొదట్లో దింపాడు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు మెట్రో ఉంది. తార్నాక స్టేషన్‌లో దిగితే ఆ సందుకు పది నిమిషాల నడక.

నాకు ఆతిథ్యం ఇచ్చిన ఇల్లు మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. పద్మ ఆంటీ దగ్గర్లోని ఒక పరిశోధన సంస్థ ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె భర్త యాదగిరి అంకుల్‌ది రైల్వే ఉద్యోగం. చలికాలంలో గుండెపోటు వచ్చి, ఆపరేషన్ జరిగి, అప్పటి నుంచి సెలవులో ఉన్నారు. మనిషి పొడుగు, కానీ చొక్కా ఒంటికి వదులుగా వేలాడుతోంది. మూడో మనిషి ఆయన తల్లి మల్లమ్మ. అందరూ అవ్వ అంటారు, నన్నూ అలాగే పిలవమన్నారు. జనగామ వైపు పల్లె ఆమెది. పొలం పని మానేసి కొడుకు దగ్గరకు వచ్చి పదేళ్ళు దాటినా ఆమె చీరకట్టు పల్లెలో ఉన్నట్టే ఉంది. వరంగల్‌లో చదువుకుంటున్న వాళ్ళ అమ్మాయి పరీక్షల వల్ల రాలేదు. ఆమె గది నాకిచ్చారు.

ఆ శనివారం మాత్రం నేను కోరుకున్న సెలవే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మామిడికాయ పప్పు పెట్టారు. తిని మధ్యాహ్నమంతా పడుకున్నాను. లేచాక పద్మ ఆంటీ నన్ను నేల మీద కూచోబెట్టుకుని తలకు నూనె పెట్టింది. హాస్టల్ నీళ్ళకు జుట్టంతా ఊడిపోతోందని విసుక్కుంది. అవ్వ పక్కనే చాప మీద కొత్త కుండకు పసుపు పూస్తూ నన్ను ప్రశ్నలు అడిగింది. మీ దేశంల వరి పండుతదా, మీది ఏం గోత్రం, మీ ముత్తాత ఏ ఊరి నుంచి ఓడ ఎక్కిండు. సగానికి జవాబు తెలియదన్నాను. కుండను తనే ఎత్తుతానని చెప్పింది. కొడుకు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పోచమ్మకు మొక్కుకుందట. కొడుకు లేచి నడిస్తే బోనం తన నెత్తి మీదనే తెస్తానని. మోకాళ్ళు బాగా అరిగిపోయాయి, నేల మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. గుడి దాకా నువ్వు నా చెయ్యి పట్టుకుని నడువు బిడ్డా అంది. సరేనన్నాను.

సాయంత్రం యాదగిరి అంకుల్ నన్ను వెంటబెట్టుకుని క్యాంపస్‌కు నడకకు బయలుదేరారు. డాక్టర్ రోజూ నడవమన్నారు. తార్నాక వాళ్ళందరికీ నడక అంటే క్యాంపస్సే. చౌరస్తా నుంచి లోపలికి వస్తే చెట్ల కింద వెడల్పాటి రోడ్లు, హారన్ల గోల ఉండదు. మీరెవరైనా తార్నాకలో దిగితే పొద్దున్నే గాని సాయంత్రం గాని ఆ రోడ్ల మీద తప్పకుండా నడవండి. ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం వానకు తడిసి నల్లబడి ఉంది. అక్కడిదాకా రాకుండానే ఆయనకు ఆయాసం వచ్చింది. లైబ్రరీ దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. ఆయాసం తగ్గాక, నన్ను చూడకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పారు.

"రాత్రిపూట మా అమ్మ లేచొచ్చి నా ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తదమ్మా. ఊపిరి ఆడుతున్నదా లేదా అని. నేను మేల్కొనే ఉంట. పండుకున్నట్టు కండ్లు మూసుకుంట."

బోనం అయిపోతే ఆమెకు ధైర్యం వస్తుందని, తర్వాత నిద్రపోతుందని ఆయన ఆశ. ఇంటికి వచ్చేటప్పుడు రెండుసార్లు ఆగాం.

ఆదివారం తెల్లవారేసరికి సందంతా వేపాకు వాసన. ఎక్కడో డప్పు మోగుతోంది. అందరం తలస్నానాలు చేశాం. పద్మ ఆంటీ పాలు, బెల్లం వేసి వండిన అన్నాన్ని కుండలోకి తీసింది. కుండకు కుంకుమ బొట్లు, మెడ చుట్టూ వేపమండలు. పైన మూకుడులో దీపం పెట్టాలి, అది గుమ్మం దాటే ముందు వెలిగిస్తారు. నాయనమ్మకు చూపిద్దామని ఒక్కొక్కటీ ఫోటో తీశాను. ఆ ఫోన్ నా చేతిలో ఉండగానే మోగింది. తమ్ముడు. మా దేశం గడియారం ఇక్కడికంటే గంటన్నర వెనక. ఇంత పొద్దున్నే వాడు లేవడే అనుకుంటూ బాల్కనీలోకి వెళ్ళాను.

నాయనమ్మ తెల్లవారుజామున పోయిందని చెప్పాడు. వారం రోజులుగా ఆస్పత్రిలో ఉందట. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. నాకు పరీక్షలని, తగ్గిపోతుందని, చెప్పొద్దని ఆవిడే అందట. ఆ వారంలో నాతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు కూడా ఆస్పత్రి మంచం మీదే ఉంది. ఆ రోజు సాయంత్రమే దహనం. నేను ఏ విమానం ఎక్కినా, ముంబై మీదుగా వెళ్ళినా, మరునాటికి గాని చేరను. నాన్న ఏజెంటుతో మాట్లాడి చూశారట. నువ్వు రావద్దన్నారు అని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినబడింది. ఫోన్ పెట్టేశాక కింద సందులో వాళ్ళు తోరణాలు కడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు.

లోపల నుంచి అవ్వ పిలిచింది. కాళ్ళకు పసుపు రాసుకుని, కొత్త చీర కట్టుకుని, గోడ పట్టుకుని లేచి నిలబడి ఉంది. చెయ్యి అందుకోమంటోంది. చావు కబురు విన్న మనిషికి మైల ఉంటుందని, ఆ మనిషి అమ్మోరి పనికి పనికిరాదని నాకు ఇక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊళ్ళోనూ అంతే. చెప్పకుండా ఉండొచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. మీ దగ్గర అబద్ధం చెప్పను. గుడి దాకా నడిచి వచ్చాక చెప్పొచ్చు అనుకున్నాను. కానీ చాచి ఉన్న ఆ పసుపు చేతిని చూశాక నా చెయ్యి ముందుకు పోలేదు.

"నన్ను ముట్టుకోవద్దు అవ్వా," అన్నాను. "మా నాయనమ్మ పోయింది."

వంటింట్లోంచి పద్మ ఆంటీ గబగబా వచ్చింది. రెండు చేతులూ చాచి నా దగ్గరకు వస్తుంటే అవ్వ, "పద్మా, ఆగు," అంది. గొంతు పెంచలేదు. పద్మ ఆంటీ ఆగిపోయింది. ఆమె చేతులు కాసేపు అలా గాలిలోనే ఉండిపోయాయి. తర్వాత కొంగు పట్టుకుంది.

యాదగిరి అంకుల్ కుర్చీలోంచి లేచారు. ఇప్పుడు బోనం వద్దు, అమ్మాయి దగ్గర ఉందాం, వచ్చే ఏడాది ఎత్తుదాం అన్నారు. వచ్చే ఆదివారం ఎత్తడానికి లేదు, వాళ్ళ బస్తీలో బోనాలు ఆ ఒక్కరోజే. అవ్వ కొడుకు వైపు చూసింది.

"వచ్చే ఏటికి నువ్వు ఉంటవని నాకెవరు రాసిచ్చిన్రు?"

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ పైకి అని ఉండరు. ఆయన మళ్ళీ కూర్చున్నారు. పద్మ ఆంటీ గోడ వైపు తిరిగింది. అవ్వ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. తర్వాత నాతో అంది.

"బిడ్డా, నీ దుఃఖం నాకు ఎర్కనే. నన్ను తిట్టుకో. గానీ గీ పొద్దు నువ్వు ఈ ఇంట్ల ఉండరాదు."

హాస్టల్‌కు వెళ్తానన్నాను. ఎవరూ ఆపలేదు. సంచి సర్దుకుని వచ్చేసరికి పద్మ ఆంటీ గడప బయట ఒక టిఫిన్ డబ్బా పెట్టింది, చేతికి ఇవ్వకుండా. చెప్పులు వేసుకుని, వంగి, తీసుకున్నాను. చేరగానే ఫోన్ చెయ్యమంది. సరేనని మెట్లు దిగాను. అవ్వ మీద కోపం రాలేదంటే అబద్ధం. రెండో అంతస్తు నుంచి కిందికి దిగేలోపే ఆ ఇంటికి మళ్ళీ రాకూడదని నిర్ణయించుకున్నాను.

ముందురోజు డ్రైవర్ చెప్పినట్టే ఆటోలు లేవు. చౌరస్తాలో ఒకతను ఆపాడు గాని, మెట్టుగూడ వైపు తిప్పుకుని పోవాలి, రెండొందలు అవుతుంది, అయినా గేటు దాకా పోతానన్న నమ్మకం లేదు అన్నాడు. నడిచాను. బోనాల నాడు తార్నాక నుంచి క్యాంపస్‌కు నడకే మేలని మీకూ చెబుతాను, అరగంట సరిపోతుంది. నాకు గంట పట్టింది. ప్రతి సందు మొదట్లోనూ జనం. ఒళ్ళంతా పసుపు పూసుకున్న పోతురాజు కొరడా తిప్పుతుంటే డప్పుల వాళ్ళు వెనక్కి నడుస్తూ కొడుతున్నారు. బోనాలెత్తుకున్న ఆడవాళ్ళ కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోస్తున్నారు. ఆ పచ్చటి నీళ్ళు రోడ్డు మీద నా చెప్పుల దాకా పారాయి. ఒకామె కుంకుమ పళ్ళెంతో నా దగ్గరకు వచ్చి బొట్టు పెట్టబోయింది. వెనక్కి తగ్గాను. ఆమె నన్ను వేరే మతం మనిషి అనుకున్నట్టుంది, మర్యాదగా నవ్వి పక్కకు పోయింది.

హాస్టల్ సగం పైగా ఖాళీ. మెస్ మూసేశారు. కాపలా ఉండే ఆమె నన్ను చూసి అప్పుడే వచ్చావేంటని అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను. కట్టుకున్న బట్టలతోనే నల్లా కింద కూర్చుని స్నానం చేశాను. మా వైపు చావు కబురు వింటే అలా చేస్తారు. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. నీళ్ళు తేవాలి, కుర్చీలు వెయ్యాలి, వచ్చిన వాళ్ళకు టీ ఇవ్వాలి. ఇక్కడ ఒక మంచం, ఒక బల్ల. మధ్యాహ్నం దాటాక ఆకలి వేసింది. ఆకలి వేసినందుకు సిగ్గేసింది. డబ్బాలో ఇడ్లీలు చల్లారి గట్టిపడ్డాయి. మంచినీళ్ళతో మింగాను.

హాస్టల్ గదుల్లో సిగ్నల్ సరిగా అందదు. దహనం వీడియోలో చూపిస్తానని తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అందుకని సాయంత్రం లైబ్రరీ దగ్గరికి వెళ్ళి, ముందురోజు కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాను. ఫోన్‌లో మా ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, గొడుగులు. అక్కడా వానే. నాయనమ్మకు ఎర్ర అంచు చీర కట్టారు. దవడకు గుడ్డ కట్టడంతో ఆమె ముఖం ఎవరో వేరే మనిషిదిలా ఉంది. పెద్దవాళ్ళు రామభజన అందుకున్నారు. అర్థం తెలియని తెలుగు మాటలు వాళ్ళు తప్పుల్లేకుండా పాడుతున్నారు. బొమ్మ ఆగిపోయేది, పాట సాగేది. మళ్ళీ బొమ్మ కదిలేది, పాట తెగిపోయేది. శ్మశానం దగ్గర నాన్న చితి వైపు చూడకుండా నిప్పు పెట్టడం చూశాను. పొగ రావడం మొదలైన కాసేపటికి లైను కట్ అయింది. తమ్ముడు మళ్ళీ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. నడకకు వచ్చినవాళ్ళు నా ముందు నుంచి వెళ్తున్నారు.

వెలుతురు తగ్గుతుండగా ఒక ఆటో వచ్చి రోడ్డు పక్కన ఆగింది. ముందు పద్మ ఆంటీ దిగి, అవ్వను పట్టుకుని దింపింది. నేను ఫోన్ ఎత్తకపోతే హాస్టల్‌కు వెళ్ళారట, లైబ్రరీ వైపు వెళ్ళానని కాపలా ఆమె చెప్పింది. అవ్వ కాళ్ళ మీద పసుపు ఎండి పగుళ్ళు బారింది. నుదుటి మీద బండారు, గుడిలో పెట్టిన పసుపు, అలాగే ఉంది. బోనం ఎక్కించి, ఇంటికి పోయి దీపం కొండెక్కేదాకా కూర్చుని, నేరుగా ఇటు వచ్చింది. నేను లేచి పక్కకు జరగబోయాను.

"కూసో," అంది. "అమ్మ పని అయిపోయింది. ఇప్పుడు ముట్టుకుంటే ఏం గాదు, ఇంటికి పోయి తానం చేస్త."

నా పక్కన కూర్చుని నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆమె అరచేయి గరుకుగా ఉంది. నేను చెయ్యి లాక్కోలేదు, ఆమె వైపు తిరగనూ లేదు. మీ నాయనమ్మ పేరేందని అడిగింది. అప్పలమ్మ అని చెప్పాను. ఏం పని చేసేదని అడిగింది. చెరకు కొట్టేది, మోకాళ్ళు పోయాక మానేసింది, నన్ను పెంచింది అన్నాను. అవ్వ తల ఊపింది. ఆ తర్వాత ఆమె కొంగు తల మీదికి లాక్కుని, గొంతెత్తి ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు, పల్లెల్లో చనిపోయినవాళ్ళ మీద పడి ఏడ్చే శోకం, మాటలతో కలిపి రాగం తీస్తూ ఏడ్చేది. "అప్పలమ్మా, ఓ నా అక్కా, మనుమరాలిని సముద్రం దాటించి నువ్వు యాడికి పోతివే, దాని నెత్తికి నూనె ఎవరు పెడ్తరే," అంటూ ఎన్నడూ చూడని మనిషిని పేరుపెట్టి పిలిచి ఏడ్చింది. నడిచేవాళ్ళు ఆగిపోయారు. ఒకాయన ఇయర్‌ఫోన్లు తీసి నిలబడ్డాడు. మా ఇంటి దగ్గర వీడియోలో అందరూ పాడారు, ఎవరూ ఇలా ఏడవలేదు. నాయనమ్మ కోసం ఎవరో ఒకరు ఇలా ఏడవాలని నేను పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. ఆమె భుజం మీద పడి ఏడ్చాను. పద్మ ఆంటీ మా ఇద్దరి ముందు నేల మీద కూర్చుంది.

అదే ఆటోలో నన్ను ఇంటికి తీసుకెళ్ళారు. మళ్ళీ రాకూడదనుకున్న ఇంటికి. ఇంట్లో పండుగ మాంసం వండి ఉంది. అవ్వ స్నానం చేసి వచ్చి, చావింట్లో వండేలా పసుపు గాని తాలింపు గాని వెయ్యని పప్పు వండి నాకు పెట్టి, తనూ అదే తింది. మాంసం గిన్నె మూత తియ్యలేదు. యాదగిరి అంకుల్ నా దగ్గరికి వచ్చి పొద్దున తను మళ్ళీ కూర్చోకుండా అడ్డుపడి ఉండాల్సిందని నెమ్మదిగా అన్నారు. అలసిపోయి కనబడ్డారు. గుడి దాకా తల్లి చెయ్యి పట్టుకుని నడిచింది ఆయనే.

సోమవారం ఇక్కడ బోనాల సెలవు. ఊళ్ళో పెద్ద గుళ్ళలో రంగం ఉంటుంది, మట్టికుండ మీద నిలబడిన ఆమె భవిష్యవాణి చెబుతుంది. దాన్ని చూడాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. మేం వెళ్ళలేదు, టీవీలో చూశాం. వానలు బాగా పడతాయని, తల్లి అందరినీ కాపాడుతుందని చెప్పింది. అవ్వ టీవీకి దండం పెట్టింది. నేను బయలుదేరేటప్పుడు కిందిదాకా వచ్చి సాగనంపుతూ పద్మ ఆంటీ చెప్పింది, నిన్న రాత్రి కూడా అత్తమ్మ లేచి కొడుకు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిందని. మధ్యాహ్నానికి బస్సులు మామూలుగానే తిరుగుతున్నాయి, టికెట్ కొనుక్కుని క్యాంపస్‌కు వచ్చేశాను.

ఇదంతా విన్న స్నేహితులు, ఆ ఇంటి మీద నీకు కోపం లేదా అని అడుగుతారు. ఉంది. గాలిలో ఆగిపోయిన పద్మ ఆంటీ చేతులు ఇప్పటికీ గుర్తొస్తాయి. కానీ నేను చాలాసార్లు తిప్పి తిప్పి ఆలోచించాను. అమ్మోరి పండుగ పొద్దున మా ఇంటికి ఒక పరాయి పిల్ల వచ్చి ఉండి, ఆ పిల్లకు చావు కబురు అంది ఉంటే, మా నాయనమ్మ ఏం చేసేది? గడప బయట డబ్బా పెట్టి పంపించేది. అందులో నాకు అనుమానం లేదు. సాయంత్రం ఆ పిల్లను వెతుక్కుంటూ వెళ్ళి ఉండేదా అంటే మాత్రం చెప్పలేను. వెళ్ళి ఉండేదనే అనుకోవాలని ఉంది. ఇంటికి ఇంత దూరంలో ఉన్నవాళ్ళను ఊరు చేరదీస్తుంది, అదే ఊరు తన భయం కోసం బయట నిలబెడుతుంది. రెండూ చేసేది ఒకే మనుషులు. ఆ వారాంతం నాకు నేర్పింది ఇంతే, అది హాయిగా లేదు.

మీరెవరైనా ఇలా ఒక ఇంటికి వెళ్ళబోతుంటే, బట్టలు సర్దుకోకముందే ఒక పని చెయ్యండి. మీ ఇంటికి ఫోన్ చేసి, ఎవరి ఒంట్లో బాగోలేకపోయినా నాకు దాచొద్దు అని గట్టిగా చెప్పండి. పెద్దవాళ్ళ చేత ఆ మాట ఒప్పించుకున్నాకే ఫోన్ పెట్టండి.